కోటప్పకొండ దారిలో ఒంగోలు గిత్త

కోటప్పకొండకు బయల్దేరిన పిల్లలందరూ అక్కడి జంతుప్రదర్శనశాలలో జింకల్ని చూడాలని ఉబలాటపడతారు. దారిలో ముందుగా కనిపించేది మాత్రం ఈ గిత్త. నరసరావుపేట నుంచి కొండకు పోయే రోడ్డువారన, వేపచెట్టు కింద, గాడి పక్కన పలుపుతో కట్టేసి ఉంటుంది. కార్తీకమాసంలో ఆదివారం వచ్చిందంటే పొద్దున్నుంచే కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు వనభోజనాల సామానుతో బారులు తీరతాయి. వాటిలో ఏదో ఒకటి ఈ గిత్త ఉండే చావిడి ముందు ఆగుతుంది. పిల్లలు దూకేసి పరిగెత్తుకొస్తారు, నాలుగడుగుల దూరంలో టక్కున ఆగిపోతారు.

"పొడుస్తుందా తాతా?"

"పొడవదమ్మా. ఎనక్కి మాత్రం పోబాక. ఎదురుగా నిలబడు, నిన్ను చూడనీ."

ఆ తాతే ఈ గిత్తను సాకే రైతు. ఇంట్లో ఎవరూ దీనికి వేరే పేరు పెట్టలేదు, 'గిత్త' అనే పిలుస్తారు. అందుకే తన కథ తాను చెప్పుకునేటప్పుడు కూడా అది 'ఈ గిత్త' అనే చెప్పుకుంటుంది.

ఈ గిత్త పుట్టింది ప్రకాశం జిల్లాలో, గుండ్లకమ్మకు దగ్గరి పల్లెలో. పుట్టినప్పుడు ఒంటిమీద లేత ఎరుపు ఛాయ ఉండేది. నెలలు గడిచేకొద్దీ అది పోయి తెలుపు తేలింది. గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు పారే ఆ నేలే ఒంగోలు జాతికి పుట్టిల్లు. ఎండకు నెర్రెలిచ్చే నల్లరేగడి, జొన్న, వరిగ, సజ్జ పండే మెట్ట. అక్కడి రైతులు ఆవుపాలు ముందు దూడకు వదిలి, ఆ తర్వాతే చెంబు పట్టేవాళ్లు. కోడెదూడ ఎముక గట్టిపడాలి. రేపు అరక లాగాల్సింది, బండి కట్టాల్సింది అదే.

జాతి చెడకుండా నిలవడానికి ఊళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. ఇంటి పెద్ద కాలం చేస్తే ఆయన పేరున మేలైన కోడెను ఎంచి, అచ్చువేసి, దేవుడికి వదిలేవాళ్లు. ఆ ఆబోతు ఎవరి చేలో పడి మేసినా కర్ర ఎత్తేవాళ్లు కాదు. ఊరి ఆవులన్నిటికీ అదే దిక్కు కాబట్టి, వదిలే కోడె మంచిదా కాదా అని ఊరంతా చూసేది. పశుసంవర్ధక శాఖలు పుట్టకముందే రైతులు నడిపిన జాతి పరిరక్షణ అది.

ఈ గిత్త తండ్రిని ఊళ్లో ఎవరూ చూడలేదు. పశువుల ఆసుపత్రి నుంచి బండిమీద ఒక డబ్బా వచ్చింది. అందులో మైనస్ 196 డిగ్రీల చలిలో ద్రవ నత్రజని, దానిలో మునిగి ఉన్న సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో మేలుజాతి ఆబోతు వీర్యం. నంద్యాలలాంటి చోట్ల ఉన్న ఘనీకృత వీర్య కేంద్రాల నుంచి అవి పల్లెలకు చేరతాయి. ఆబోతును ఎంచే పని ఊరి పెద్దల చేతుల్లోంచి పశువైద్యుల చేతుల్లోకి వచ్చింది.

తాత పిల్లల్ని దగ్గరికి రమ్మని ముందు పట్టుకోమనేది గంగడోలు. గడ్డం కింద మొదలై ముంగాళ్ల మధ్యదాకా మడతలు మడతలుగా వేలాడే మెత్తని తోలు అది. తర్వాత మెడ మీది వెంట్రుకల్ని రెండు వేళ్లతో పాయ తీసి చూపిస్తాడు. పైన తెల్లటి బొచ్చు, కింద నల్లటి చర్మం. పిల్లలు నోళ్లు తెరుస్తారు. తెల్లబొచ్చు ఎండను వెనక్కి కొడుతుంది, నల్లచర్మం ఎండ చురుకు నుంచి లోపలి ఒంటిని కాపాడుతుంది. ఒంగోలు పశువుకు చెమట బాగా పడుతుంది, తోలు వదులుగా ఉండడంవల్ల గాలి తగిలే మేర ఎక్కువ. మే నెలలో రెంటచింతల వైపు ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటినా ఈ జాతి నీడన నిలబడి నెమరు వేస్తుంది. కంటి చుట్టూ కాటుక గీసినట్టున్న నల్ల వలయం, నల్లటి మూతి, పొట్టి కొమ్ములు, నల్ల తోకకుచ్చు, వీపుమీద నిలువెత్తు మూపురం. ఇవన్నీ చూశాక ఒక్కొక్కరూ ఫొటో దిగుతారు.

తాత దీన్ని కొన్నది పళ్లు చూసి. మార్కెట్లో పశువు వయసు పళ్లే చెబుతాయి. రెండేళ్లు దాటాక పాలపళ్లు ఊడి ముందు వరసలో రెండు పెద్ద పళ్లు వస్తాయి. తర్వాత నాలుగు, ఆరు, చివరికి ఎనిమిది. ఈ జిల్లాల్లో సంక్రాంతికీ శివరాత్రికీ జరిగే బండలాగుడు పందేలలో జతల్ని విడదీసేది కూడా ఈ లెక్కమీదే. రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. బరువైన రాతిని ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగాయో టేపుతో కొలిచి బహుమతి ఇస్తారు. పందెపు జతల పోషణ ఖరీదైన వ్యవహారం. ఈ గిత్త ఆ బరిలోకి దిగలేదు. దీన్ని చేలో పనికే తెచ్చారు.

ఆ పని ఏమిటో పిల్లలకు చూపించాలని తాతకు పట్టుదల.

చావిడి వెనకే మిరపచేను, దాని పక్కన పత్తి. కార్తీకంలో వచ్చినవాళ్లకు రెండూ పూతమీదే కనిపిస్తాయి. పత్తిపువ్వు పొద్దున వెన్నరంగులో విచ్చుకుంటుంది, సాయంత్రానికి గులాబీ ఛాయ తిరుగుతుంది, మర్నాటికి ఎర్రబడి వాడుతుంది. ఒకే మొక్కమీద తెల్లపూలు, ఎర్రపూలు కలిసి కనబడితే పట్నం పిల్లలు రెండు రకాల పూలనుకుంటారు. పువ్వు రాలిన చోట పిందె కట్టి, ఏడు వారాలు అటూఇటూగా కాయ పగిలి దూది బయటపడుతుంది. మిరపపూత వేరు. చిన్నగా, తెల్లగా, తలవంచుకుని ఆకుల చాటున ఉంటుంది. చూడాలంటే వంగాలి.

చేను చుట్టూ బంతిపూలు. ఫొటోలకు అందరూ ఎగబడేది అక్కడే. ఆ బంతి తోట అందానికని వేసింది కాదని తాత చెబుతాడు. పచ్చపురుగు తల్లి బంతిపూలమీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. బంతిని ఎరపంటగా వేస్తే పురుగు అక్కడ చేరుతుంది, రైతు అక్కడే ఏరేస్తాడు. గట్లమీద ఆముదం లద్దెపురుగుకు ఎర. పొలిమేర చుట్టూ రెండు మూడు సాళ్ల జొన్న, పక్క చేలనుంచి గాలిలో వచ్చే రసం పీల్చే పురుగులకు అడ్డుగోడ. బంతిపూలు దేవుడికి, జొన్నకంకులు ఇంటికి, చొప్ప ఈ గిత్త గాడిలోకి. ఒక్క సాలు కూడా వృథా పోదు.

పూతకు ఎంత కష్టం వస్తుందో ఈ చేను చూసింది. 2021లో నల్ల తామరపురుగు గుంటూరు, ప్రకాశం మిరపచేలమీద విరుచుకుపడింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఆ పురుగును 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయిమీద మన దేశంలో తొలిసారి గుర్తించారు. మిరప దగ్గరికొచ్చేసరికి అది పువ్వులోనే కాపురం పెట్టింది. కంటికి ఆనని నల్లటి నలుసులు ఒక్కో పువ్వులో గుంపులుగా చేరి పూతంతా రాల్చేశాయి. ఎన్ని మందులు కొట్టినా లొంగక, కొందరు రైతులు చేలను దున్నేశారు. అప్పటినుంచి చేలల్లో నీలిరంగు జిగురు అట్టలు వేలాడుతున్నాయి. నీలిరంగుకు తామరపురుగు ఆకర్షితమై అతుక్కుంటుంది. పిల్లలు ఆ అట్టలు దేనికని అడిగితే, తాత ఒక పువ్వు కోసి అరచేతిలో తట్టి చూపిస్తాడు. ఆ సంగతి విన్నాక ఎవరూ మిరపపువ్వు ఊరికే తెంపరు.

ఈ సాళ్ల మధ్యే ఈ గిత్త పని. కలుపు పోవడానికి, నేల గుల్లబారడానికి గుంటక తోలాలి. మొక్కలు మోకాలెత్తు పెరిగాక పెద్ద ట్రాక్టరు సాళ్లలోకి దిగితే కొమ్మలు విరుగుతాయి. ఎడ్ల జత అయితే మొక్కకు తగలకుండా కాలు వేస్తుంది. మూతికి చిక్కం కడతారు. పచ్చటి ఆకు కళ్లముందు ఊగుతుంటే ఏ గిత్తకైనా నాలుక ఆగదు మరి. సాలు చివర తాత 'హో' అంటే ఆగడం, పగ్గం కుడివైపు లాగితే తిరగడం, పక్కనున్న జోడు అడుగుకు అడుగు కలపడం. ఆ నడక నేర్వడానికి ఈ గిత్తకు ఒక సేద్యం కాలం పట్టింది.

చేను తిండి పెట్టే తీరు కూడా పిల్లలకు వింతగానే ఉంటుంది. వంద కిలోల పత్తిని జిన్నింగు మిల్లులో ఆడిస్తే దూది మూడో వంతుకు కాస్త అటూఇటూ. మిగతాదంతా గింజే. చొక్కాకు దూది పోతే, గింజ నూనెమిల్లుకు పోయి, పిండిన చెక్క పశువుల గాడిలోకి వస్తుంది. పత్తిగింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంది. నెమరువేసే పెద్ద పశువు పొట్ట దాన్ని చాలావరకు విరిచేస్తుంది. ఉలవలు ఉడకబెట్టి, తవుడు కలిపి, పత్తిచెక్క నానబెట్టి పెడితే ఈ గిత్త గాడి అంచులదాకా నాకుతుంది. తిన్నది పేడై మళ్లీ చేలోకే పోతుంది. 2016 నుంచి రాష్ట్రంలో ప్రభుత్వం చేపట్టిన ప్రకృతి వ్యవసాయంలో ఎకరా జీవామృతానికి లెక్క ఇది: పది కిలోల పేడ, పది లీటర్లదాకా మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి, రెండు వందల లీటర్ల నీళ్లు. రెండు రోజులు నీడన ఉంచి కర్రతో తిప్పుతారు. తొట్టిలో కర్ర తిప్పడానికి పిల్లలు పోటీపడతారు. ముక్కు మూసుకున్న తల్లులు కూడా ఒకసారి తిప్పి చూస్తారు.

చేను చూశాక వాళ్లు కొండకు పోతారు. మూడు శిఖరాల త్రికూటం, పైన త్రికోటేశ్వరుడు, దారిలో గొల్లభామ ఆనందవల్లి గుడి. ఘాట్ రోడ్డు పొడవునా పూలమొక్కలు, నడుమ పిల్లల పార్కు, చిన్న జంతుప్రదర్శనశాల, నీళ్ల మధ్య కాళీయుడి పడగలమీద కృష్ణుడి విగ్రహం. సాయంత్రం తిరుగు దారిలో మళ్లీ చావిడి దగ్గర మంచినీళ్లకు ఆగిన పిల్లలు తాము చూసినవి ఈ గిత్తకే చెబుతున్నట్టు చెబుతారు. ఒకడు, జింక కొమ్ములు ఇంతెత్తున్నాయంటాడు. చుక్కల జింక కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. గిత్త కొమ్ము పుట్టినప్పటినుంచి పోయేదాకా ఒక్కటే, లోపల ఎముక, పైన గట్టి తొడుగు. ఇంకొకతె నెమలికి తోక లేదని ఏడుపుమొహం పెడుతుంది. మగనెమలి వానాకాలం పోయేసరికి పింఛం రాల్చుకుంటుంది, కార్తీకంలో ఇంకా పెరుగుతుంటుంది. నిండు పింఛం చూడాలంటే ఎండాకాలం చివర్లో, తొలకరికి రావాలి. ఇలాంటి సంగతులు చెప్పే మనిషి పక్కనుంటే బోను ముందు గడిపే అయిదు నిమిషాలు అరగంట అవుతాయి.

జంతువుల్ని చూడటానికి వెళ్లిన ఒక మనిషి ఒంగోలు జాతి చరిత్రనే మార్చాడు. 1878లో బ్రెజిల్ దేశపు రైతు మనోయెల్ లెంగ్రూబర్ జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో ఈ జాతి పశువుల్ని చూశాడు. ఒక జతను కొని రియో డి జనీరో ప్రాంతానికి తోలుకెళ్లాడు. అంతకు పదేళ్ల ముందు, 1868లో, ఇంగ్లండుకు పోతున్న ఓడ బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులోని ఒక జత అక్కడే అమ్ముడుపోయింది. అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో భాగం. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో, ప్రకాశం జిల్లా 1970లో. అందుకే బ్రెజిల్‌లో ఈ జాతిని నేటికీ 'నెలోర్' అంటారు. 1960ల తొలినాళ్లలో చివరి విడతగా వెళ్లిన పశువుల్ని ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో విడిగా ఉంచి, జబ్బులేవీ లేవని తేల్చుకున్నాకే దేశంలోకి రానిచ్చారు. వాటిలో ఒంగోలు పక్కనున్న కరవది ఊరి ఆబోతు ఒకటి. 'కర్వాది' పేరుతోనే అది అక్కడి మందలకు మూలపురుషుడైంది.

ఇవాళ బ్రెజిల్‌లో ఇరవై కోట్లకు పైగా పశువులుంటే వాటిలో అధికభాగానిది నెలోర్ రక్తమే. 2023లో అక్కడ వేలంపాటలో వియాటినా-19 అనే నెలోర్ ఆవుకు కట్టిన విలువ సుమారు 43 లక్షల డాలర్లు. ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఆవుగా గిన్నిస్ పుస్తకం ఎక్కింది. ఉబెరాబా నగరంలో ఏటా జరిగే జీబూ పశువుల ప్రదర్శనకు కుటుంబాలు పిల్లాపాపలతో తరలివస్తాయి. ఈ జాతులకోసం అక్కడ ఒక మ్యూజియమే కట్టారు. ఇండోనేషియాలోని సుంబా దీవికి 20వ శతాబ్దం తొలినాళ్లలో డచ్చివారు తీసుకెళ్లిన ఒంగోలు పశువుల సంతతి అక్కడ ఇంకా ఉంది. అమెరికా బ్రాహ్మన్ జాతిలోనూ ఈ రక్తం కలిసింది. తాత మనవరాలు ఫోనులో వియాటినా బొమ్మ చూపించినప్పుడు పిల్లలు తెరను, గిత్తను మార్చిమార్చి చూస్తారు. మూపురం అదే, గంగడోలు అదే, కంటి కాటుక అదే.

పుట్టినచోట మాత్రం పశువు తగ్గింది. జొన్న, వరిగ పోయి పొగాకు, పత్తి, మిరప వచ్చాక చొప్ప కరువైంది. ఊరి బీళ్లు, పోరంబోకులు సాగులోకి వెళ్లాయి. ట్రాక్టరు దుక్కి పని తీసుకుంది, పాలకోసం ఇంటింటా గేదె వచ్చింది. పని, మేత రెండూ పోయిన పశువును రైతు ఎంతకాలం కట్టేసుకుంటాడు? ఇప్పుడు ఈ జాతి ఎక్కువగా నలుగురి కంటపడేది పందెపు బరిలోనే. 2002లో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగినప్పుడు చిహ్నంగా ఒంగోలు గిత్తనే ఎంచి 'వీర' అని పేరుపెట్టారు. గౌరవానికి లోటు లేదు. కానీ చేలో పని, గాడిలో మేత ఉంటేనే పశువు నిలుస్తుంది.

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లు. చిలకలూరిపేట, నరసరావుపేట ప్రాంతాల పల్లెలు వెదురు, కలపతో ఎనభై అడుగులకు మించిన ప్రభలు కట్టి, వేల విద్యుద్దీపాలతో కొండకింద నిలబెడతాయి. ఒకప్పుడు వాటిని ఈడ్చుకొచ్చింది ఎడ్ల జతలే. పెద్ద ప్రభలకు ఇప్పుడు ట్రాక్టర్లు కడుతున్నారు, చిన్న ప్రభలకు, ప్రభబండ్లకు ఎడ్లు ఉన్నాయి. ఆ రోజుకు ఈ గిత్త కొమ్ములకు రంగేసి, మెడలో మువ్వల పట్టెడ కట్టి, నుదుట పసుపు కుంకుమ పెడతారు. డీజే మోతకు కొన్ని జతలు బెదురుతాయి. అందుకని తాత నెలరోజుల ముందునుంచే చావిడిలో రేడియో గట్టిగా పెట్టి అలవాటు చేస్తాడు.

పిల్లల్లో ఆసక్తి పుట్టినవాళ్లకు తాత మరో రెండు చోట్లు చెబుతాడు. గుంటూరు నుంచి అమరావతి పోయే దారిలో లాం. అక్కడ పశువైద్య విశ్వవిద్యాలయం వారి పశుపరిశోధన స్థానంలో ఒంగోలు మంద ఉంది, మేలైన ఆవుల పిండాలను వేరే ఆవుల గర్భంలో పెట్టి దూడల్ని పుట్టించే ప్రయోగశాల ఉంది. ఆ పక్కనే ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం. రైతులు నేటికీ పేరుపెట్టి అడిగే ఎల్.సి.ఎ. 334 మిరప, 1980ల్లో తెల్లదోమ పత్తిని ముంచేశాక దాన్ని తట్టుకునేలా రూపొందించిన 'కాంచన' పత్తి, ఎల్.బి.జి. 752 మినుము అక్కడివే. పశువు, పువ్వు, విత్తనం ఒకే ప్రాంగణం ఇరుపక్కలా కనిపించే చోటు అది. రెండోది ప్రకాశం జిల్లా చదలవాడ పశుక్షేత్రం, ఈ జాతి పుట్టినగడ్డమీదే ఉన్న ఒంగోలు మంద. ఇవి పని జరిగే క్షేత్రాలు కాబట్టి ముందుగా అడిగి, అనుమతి తీసుకుని వెళ్లాలి. పాఠశాలలు బృందంగా అడిగితే మంచిది.

వెళ్లినవాళ్లు అక్కడ అడగాల్సిన ప్రశ్నలు కూడా తాతే నేర్పుతాడు. ఈ ఆవు ఏం తింటుంది, ఆ మేత ఎక్కడ పండుతుంది? దీని తల్లి ఎవరు, తండ్రి ఎవరు? పేడ ఎక్కడికి పోతుంది? ఈ పువ్వుమీద వాలే పురుగు మంచిదా, చెడ్డదా? ఈ విత్తనం పేరులోని అంకె ఏమిటి? మందలో పనిచేసేవాళ్లకు ఇలాంటివి అడిగే పిల్లలంటే ప్రాణం. పని పక్కనపెట్టి మరీ చెబుతారు.

ఈ చావిడికి అనుమతి అక్కర్లేదు. ఎండ ముదరకముందే రండి, ఎనిమిది దాటితే అరక చేలో ఉంటుంది. గట్టుమీద నిలబడి గుంటక తోలడం చూడొచ్చు, సాలు చివర మేడి పట్టుకుని తాతతోపాటు నాలుగడుగులు నడవొచ్చు. అరటితొక్కలు తెస్తే పెట్టండి. ప్లాస్టిక్ కవరుతో సహా మాత్రం పెట్టకండి, అది పొట్టలో అడ్డంపడి గొడ్డు చచ్చిపోతుంది. బంతిపూలు కోసుకోవచ్చు, తాత ఏమీ అనడు. పువ్వులో పురుగు కనబడితే ఆయనకు చెప్పండి.